బిగ్ బెర్తా కాని ఫిరంగి: తారుమారైన ఒక స్టీరియో కార్డు కేసు

పాత ఫొటోలను చెడిపోకుండా కాపాడటం, వాటిలో ఉన్నదేమిటో తేల్చి నమోదు చేయడం నా వృత్తి. ఈ పనిలో పొరపాట్లు సాధారణంగా బొమ్మ వెలిసిపోయినప్పుడో, చిరిగిపోయినప్పుడో జరుగుతాయి. ఇక్కడ రాస్తున్న కేసులో బొమ్మ చక్కగా కనబడుతూనే ఉంది. అయినా నేను రెండుసార్లు తప్పు నిర్ధారణకు వచ్చాను. అందులో ఒకదాన్ని కాగితం మీద కూడా పెట్టాను. అందుకే దీన్ని ఇంత వివరంగా రాస్తున్నాను. కార్డు సొంతదారుల అనుమతి ఉంది. వారి పేర్లు, ఊరు, కార్డు ఇప్పుడున్న సంస్థ, వారిని పోల్చుకోవడానికి వీలిచ్చే తక్కిన వివరాలు వదిలేశాను.

నేపథ్యం

తెలంగాణలోని ఒక కుటుంబం తమ ఇంట్లో తరతరాలుగా ఉన్న ఒక చెక్కపెట్టెను కళాశాల చరిత్ర విభాగానికి ఇవ్వాలనుకుంది. పెట్టెలో చేత్తో పట్టుకుని చూసే స్టీరియోస్కోపు ఒకటి, 47 స్టీరియో కార్డులు ఉన్నాయి. స్టీరియోస్కోపు సూత్రాన్ని చార్లెస్ వీట్‌స్టన్ 1838లో వివరించగా, ఇలా చేతిలో ఇమిడే తేలికపాటి రూపాన్ని 1861లో అమెరికా వైద్యుడు ఆలివర్ వెండెల్ హోమ్స్ రూపొందించాడు. కార్డు అంటే సుమారు 9 సెంటీమీటర్ల ఎత్తు, 18 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న అట్ట. దాని మీద పక్కపక్కనే రెండు ఫొటోలు అతికించి ఉంటాయి. మన రెండు కళ్ల మధ్య ఉన్నంత ఎడంతో, అంటే ఇంచుమించు 65 మిల్లీమీటర్ల దూరంలో, రెండు కటకాలు అమర్చిన కెమెరాతో ఒకేసారి తీసిన జంటబొమ్మలవి. ఎడమ కంటికి ఎడమ బొమ్మ, కుడి కంటికి కుడి బొమ్మ మాత్రమే కనబడేలా చూస్తే మెదడు వాటిని కలిపి లోతున్న ఒకే దృశ్యంగా చూపిస్తుంది.

మొదటి ప్రపంచ యుద్ధం నాటికి ఈ కార్డుల వ్యాపారం బాగా స్థిరపడి ఉంది. అమెరికాలో పెన్సిల్వేనియాలోని మీడ్‌విల్ నుంచి కీస్టోన్ వ్యూ కంపెనీ, లండన్ నుంచి రియలిస్టిక్ ట్రావెల్స్ యుద్ధ దృశ్యాలను సెట్లు సెట్లుగా అమ్మాయి. ఈ రెండో సంస్థను నడిపిన హెచ్.డి. గిర్డ్‌వుడ్ 1915లో ఫ్రాన్స్‌లో ఉన్న భారతీయ సైనికులను చిత్రించినవాడు. ఆ సంస్థ అట్టల అంచున లండన్, కేప్‌టౌన్, బొంబాయి, మెల్బోర్న్, టొరంటో అని అయిదు నగరాల పేర్లు అచ్చై ఉంటాయి. వాటిలో బొంబాయి ఉండటం ఈ కేసులో తర్వాత పనికొచ్చింది.

వచ్చిన సమస్య

కళాశాల వారు ఒక చిన్న ప్రదర్శన పెట్టాలనుకున్నారు. ప్రచార పత్రం మీద వేయడానికి ఒక కార్డును ముందే ఎంచుకున్నారు. శత్రువుకు కనబడకుండా మభ్యపరిచే వల కింద భారీ ఫిరంగి ఒకటి ఏటవాలుగా ఆకాశం వైపు మూతి ఎత్తి ఉంది. దాని చుట్టూ ఏడుగురు సైనికులు, నేల మీద నిలబెట్టిన గుండ్లు, వెనుక చెట్ల వరుస, ఆ చెట్ల మీదుగా పైకి లేచిన పొగమబ్బు. కార్డు కింద శీర్షిక అచ్చై ఉండాల్సిన చోట అట్ట చిరిగిపోయింది. వెనుక మాత్రం పెన్సిలుతో, పాత చేతిరాతలో, ‘బిగ్ బెర్తా’ అని రాసి ఉంది.

నన్ను అడిగినవి మూడు. ఇది నిజంగా బిగ్ బెర్తాయేనా? నిజమైన యుద్ధరంగంలో తీసినదేనా? కార్డుకు జరిగిన నష్టాన్ని బాగుచేయవచ్చా? నష్టం కొట్టొచ్చినట్లు కనబడుతోంది. ఇలాంటి కార్డుల అట్టను తయారీలోనే కొద్దిగా వంపు తిప్పుతారు. ఆ వంపును లోపమనుకుని ఎవరో పుస్తకాల బరువు కింద పెట్టి చదును చేయడంతో కుడి బొమ్మ మీద నిలువునా సన్నని పగులు పడింది. రెండు బొమ్మల మూలలూ అక్కడక్కడా లేచి ఉన్నాయి. నల్లని భాగాల అంచుల్లో వెండి పైకి తేలి అద్దంలా మెరుస్తోంది. జెలటిన్ పొరలో వెండి ఉన్న ఆ కాలపు ఫొటోలకు, ముఖ్యంగా మన తేమ వాతావరణంలో, ఇది మామూలే.

మొదటి ప్రశ్న ఎందుకు ముఖ్యమో కాస్త చెప్పాలి. బిగ్ బెర్తా అన్న పేరు జర్మనీకి చెందిన క్రుప్ సంస్థ చేసిన 42 సెంటీమీటర్ల లోవ్యాసం (గొట్టం లోపలి వెడల్పు) ఉన్న హొవిట్జర్‌ది, అంటే గుండును ఎత్తుగా విసిరే ఫిరంగిది. 1914 ఆగస్టులో బెల్జియంలోని లీజ్ నగరం చుట్టూ ఉన్న కోటలను కూల్చడానికి దాన్ని వాడారు. దాని గుండు బరువు 800 కిలోలకు పైమాటే. ఆ దెబ్బతో వచ్చిన పేరు ఎంత వ్యాపించిందంటే, తర్వాత కాలంలో జనం పెద్ద ఫిరంగి దేన్ని చూసినా బెర్తా అనేవారు. 1918 మార్చి నుంచి దాదాపు 120 కిలోమీటర్ల దూరాన్నుంచి పారిస్‌పై గుండ్లు కురిపించిన ఫిరంగి వేరు, దాని లోవ్యాసం 21 సెంటీమీటర్లే. అయినా దానికీ ఇదే పేరు అంటగట్టారు. కాబట్టి కార్డు వెనుక పెన్సిలు మాట సాక్ష్యం కాదు, ఎవరో అనుకున్న మాట మాత్రమే. ఇది నాకు ముందే తెలుసు. తెలిసి కూడా ఆ మాట వెంటే నడిచాను.

మొదటి ప్రయత్నం: పోలికల వెతుకులాట

కార్డును పడుకోబెట్టే స్కానర్ మీద పెడితే అద్దం ఒత్తిడికి పగులు పెరుగుతుందన్న భయంతో, అంచులను మాత్రమే పట్టి ఉంచే ఊతం మీద వంపు వంపుగానే ఉంచి, పై నుంచి కెమెరాతో తీశాను. వెండి మెరుపు అడ్డురాకుండా దీపాలకూ కటకానికీ పోలరైజింగ్ ఫిల్టర్లు పెట్టాను. ఇంతవరకు చేసినది సరైనదే. ఆ తర్వాత చేసిన పనే తప్పుదారి. రెండు బొమ్మల్లో పగులు లేని ఎడమ బొమ్మను మాత్రమే కత్తిరించి, దాన్ని శుభ్రం చేసి, ఇంటర్నెట్‌లో పోలికల కోసం వెతికాను. రెండూ ఒకేలా ఉన్నప్పుడు పాడైన దానితో పనేమిటని అప్పుడు అనుకున్నాను. ఆ ‘ఒకేలా’ అన్న మాటే తక్కిన తప్పులన్నిటికీ మూలం.

వెతుకులాటలో బోలెడు బొమ్మలు వచ్చాయి. చాలావాటి కింద బెర్తా అనే ఉంది. వాటిలో రైలు పట్టాల మీది ఫ్రెంచి ఫిరంగులు, ఆస్ట్రియా-హంగరీ వారి స్కోడా 30.5 సెంటీమీటర్ల మోర్టార్లు కూడా కలిసిపోయి ఉన్నాయి. అంటే తప్పుడు శీర్షికలను తప్పుడు శీర్షికలతో పోల్చి చూస్తున్నానన్నమాట. ఈ దారి వదిలేయడానికి ఇంకో కారణం కూడా ఉంది. 42 సెంటీమీటర్ల బెర్తా చక్రాల బండి మీద ఉండేది, ముందు కవచపు పలక ఉండేది. ఈ కార్డులో చక్రాల జాడ లేదు. అయితే వల నీడ దట్టంగా ఉండటం వల్ల, చక్రాలు ఆ చీకట్లో ఉండవచ్చులే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

రెండో ప్రయత్నం: ఒక్క బొమ్మలో కొలత

పోలిక తేలకపోతే కొలత తేలుస్తుందనుకున్నాను. ఎడమ బొమ్మలో ఫిరంగి మూతి పక్కనే ఒక సైనికుడు నిటారుగా నిలబడి ఉన్నాడు. అతని ఎత్తు 170 సెంటీమీటర్లనుకుని, మూతి వ్యాసంతో నిష్పత్తి కట్టాను. మూతి వెడల్పుకు అతని ఎత్తు నాలుగు రెట్లు మాత్రమే ఉంది. అంటే మూతి సుమారు 42 సెంటీమీటర్లు! పెన్సిలు మాటకూ లెక్కకూ ఇంత చక్కగా పొత్తు కుదరడంతో సంబరపడి, ‘బెర్తా కావడానికి అవకాశం ఎక్కువ’ అని ముసాయిదా నివేదికలో రాశాను. కళాశాల వారు సంతోషించారు.

ఆ లెక్కలో రెండు లోపాలున్నాయి. నేను కొలిచింది మూతి బయటి వ్యాసం. గొట్టం గోడల మందం కూడా అందులో కలిసింది. ఫిరంగి పరిమాణం చెప్పేది లోవ్యాసం. రెండోది అంతకన్నా పెద్దది. సైనికుడు మూతి ‘పక్కన’ ఉన్నాడని ఎవరు చెప్పారు? ఒక్క బొమ్మలో పక్కపక్కన కనబడినవి నిజంగా పక్కపక్కన ఉండనక్కరలేదు. మూతి కెమెరాకు దగ్గరగా, మనిషి దానికి రెండు మూడు అడుగులు వెనుకగా ఉంటే చాలు, ఫిరంగి ఉన్నదానికన్నా పెద్దదిగా తేలుతుంది. ఈ రెండు లోపాలూ లెక్కను ఒకే వైపుకు, అంటే నేను వినాలనుకున్న జవాబు వైపుకే తోశాయి. చెరో వైపుకు తోసి ఉంటే లెక్క ఎక్కడో పొసగక అప్పుడే ఆగి ఉండేవాణ్ని.

మూడో ప్రయత్నం: స్టీరియోస్కోపులో చూపు

నివేదికను ఖాయం చేయబోయే ముందు, ప్రదర్శనలో జనం కార్డును ఎలాగూ స్టీరియోస్కోపులోనే చూస్తారు కదా అని, నేనూ ఒకసారి అలా చూశాను. వరుసలో మొదట చేయాల్సిన పనిని చివర చేశానని గమనించగలరు. కార్డు అసలు ఉన్నదే అలా చూడటానికి.

దృశ్యం లోతుగానే కనబడింది. ఫిరంగి వెనుక పెద్ద ఇనప పెట్టె లాంటిది ఒకటి, దాని వెనుక ఎక్కడో దూరంగా పొగమబ్బు. పెట్టెలో మట్టి నిండి ఉంది. ఫిరంగికి వెనుక ఉన్న కందకపు గట్టులో భాగమేమో అనుకున్నాను. పొగ దూరాన ఉండటం సహజంగా అనిపించింది. అయినా కళ్లు ఇబ్బంది పడ్డాయి. కొన్ని క్షణాలకే నొప్పి మొదలైంది. కార్డు చదునైపోవడం వల్ల అలా ఉందనుకున్నాను.

అనుమానం పుట్టించింది ఒక చిన్న విషయం. వలను ఎత్తి పట్టిన కర్రల్లో ఒకటి ఒక సైనికుడి మోకాలికి అడ్డంగా ఉంది. అడ్డంగా ఉన్నది ముందుండాలి. కానీ స్టీరియోస్కోపులో ఆ కర్ర సైనికుడికి వెనుకగా, అతని కాలి గుండా కనబడుతున్నట్లుగా ఉంది. ఒక వస్తువు ఇంకోదాన్ని కప్పుతూ దానికి వెనుక ఉండటం లోకంలో జరగదు. బొమ్మలో అలా ఉందంటే లోతు తలకిందులై ఉండాలి. అంటే ఎడమ కంటికి చూపాల్సిన బొమ్మ కుడివైపున, కుడి కంటిది ఎడమవైపున అతికి ఉందన్నమాట.

దీన్ని రూఢి చేసుకోవడానికి స్టీరియోస్కోపు అక్కరలేదు. బొటనవేలు ముఖం ముందు పెట్టుకుని ఒక్కో కన్నే మూసి చూడండి: ఎడమ కంటికి వేలు దూరపు గోడతో పోలిస్తే కుడికి జరుగుతుంది, కుడి కంటికి ఎడమకు జరుగుతుంది. ఫొటోల్లోనూ అంతే. ఎడమ కంటి బొమ్మలో దగ్గరి వస్తువు వెనుక దృశ్యం మీద కుడివైపుకు జరిగి ఉండాలి. ఈ కార్డులో ఎడమవైపున ఉన్న బొమ్మలో కర్ర ఎడమకు జరిగి ఉంది. ఇంకో పరీక్ష కూడా చేశాను. రెండు బొమ్మల్లోనూ ఒకే బిందువును గుర్తించి, వాటి మధ్య దూరం కొలిచాను. సరిగా అతికిన కార్డులో దూరపు చెట్ల బిందువుల మధ్య ఎడం ఎక్కువగా, దగ్గరి వస్తువులకు తక్కువగా ఉండాలి. ఇక్కడ లెక్క అడ్డం తిరిగింది; మట్టిపెట్టె బిందువుల మధ్య ఎడం చెట్లకన్నా ఒకటిన్నర మిల్లీమీటరు ఎక్కువ వచ్చింది.

ఇది ప్రచురణకర్త చేసిన పొరపాటా, తర్వాత జరిగినదా? ఈ ప్రశ్న వదిలేస్తే నష్టం లేదని మొదట అనిపించింది, కానీ వదల్లేదు. ప్రచురణలోనే తప్పు ఉంటే అదే కార్డు వేరే ప్రతుల్లోనూ తలకిందులుగా ఉంటుంది, అది నమోదు చేయాల్సిన సంగతి. ఇంట్లో జరిగినదైతే ఈ ఒక్క కార్డుకే పరిమితం. జవాబు అట్ట మీదే దొరికింది. అట్ట ఎడమ చివర పాత నీటి మరక ఒకటి ఉంది. అది బొమ్మ అంచు దగ్గర అర్ధంతరంగా ఆగిపోతోంది. కుడివైపు బొమ్మ మీద మాత్రం అట్టతో సంబంధం లేకుండా ఎక్కడి నుంచో ఊడిపడ్డట్టు ఒక మరక మొదలవుతోంది. కంప్యూటర్ తెర మీద రెండు బొమ్మల స్థానాలూ మార్చగానే మరక గీత అటూ ఇటూ కలిసిపోయింది. అంటే కార్డు తడిసేనాటికి బొమ్మలు సరైన చోటే ఉన్నాయి. తడికి జిగురు వదిలి ఊడిపోతే ఎవరో తిరిగి అతికించారు, అతికించడంలో తారుమారైంది. ఆ ఇంటి పెద్దాయనను అడిగితే, ఒక వానాకాలంలో పెట్టెలోకి నీళ్లు దిగిన మాట నిజమేనని, తన తల్లి మైదా జిగురుతో అతికించిందని చెప్పారు. రెండూ ఒకేలా ఉన్నాయి కదా అని ఆవిడ కూడా అనుకుని ఉంటారు. ఆవిడకూ నాకూ పెద్ద తేడా ఏమీ లేదు.

పనిచేసిన పద్ధతి

బొమ్మలను తెర మీద సరైన స్థానాల్లో పెట్టి చూడగానే దృశ్యం మారిపోయింది. వెనుక గట్టులో ఉందనుకున్న మట్టిపెట్టె ముందుకు వచ్చి, ఫిరంగి పీఠానికి ముందు భాగంలో, గొట్టం కిందుగా బిగించి ఉన్నట్లు తేలింది. చీకట్లో ఉన్నాయనుకున్న చక్రాలు లేనే లేవు. ఫిరంగి నేరుగా నేల మీది పీఠంపై కూర్చుని ఉంది.

ఫిరంగుల గురించి కొద్దిగా తెలిసినవారికి ఆ పెట్టె చాలు. బ్రిటిష్ సైన్యపు 9.2 అంగుళాల ముట్టడి హొవిట్జర్‌కు ముందు అలాంటి ఇనప పెట్టె ఉండేది. ఇంత బరువైన ఫిరంగి పేలినప్పుడు వెనక్కి తన్నే తాపుకు పీఠం ముందు భాగం నేల నుంచి లేవబోతుంది. అది లేవకుండా పెట్టెలో సుమారు తొమ్మిది టన్నుల మట్టి నింపేవారు. ఆ మట్టిని తవ్విపోసే పని ఫిరంగి దళానిదే. దీన్ని తరలించడానికి మూడు భాగాలుగా విడదీసి ట్రాక్టర్లతోనో గుర్రాలతోనో లాగించేవారు. ఒక చోట నిలిపాక మళ్లీ కదల్చడం తేలిక కాదు.

కానీ ఇక్కడ ఆగితే మొదటి తప్పునే ఇంకో రూపంలో చేసినట్టవుతుంది. ఎందుకంటే మట్టిపెట్టె 9.2 అంగుళాల దానికే పరిమితం కాదు. దాన్నే పెంచి చేసిన 12 అంగుళాల ముట్టడి హొవిట్జర్‌కూ అలాంటిదే, ఇంకా పెద్దది, ఉండేది. రెండూ ఒకే పోలికలో ఉంటాయి. కాబట్టి కొలత తప్పదు, అయితే ఈసారి రెండు కళ్లతో చేయాల్సిన కొలత.

జంటబొమ్మ నుంచి అసలు దూరాలనే లెక్కగట్టవచ్చు. దానికి కెమెరా కటకాల నాభ్యంతరం (ఫోకల్ లెంగ్త్), వాటి మధ్య ఎడం తెలియాలి. ఆ రెండూ నా దగ్గర లేవు. ఊహించి పెట్టుకుంటే వచ్చే సంఖ్య దశాంశాలతో ఎంతో నమ్మకంగా కనబడుతుంది, కానీ ఊహ ఊహే. అందువల్ల అసలు దూరాల జోలికి పోకుండా, కెమెరాకు సమాన దూరంలో ఉన్న రెండు వస్తువులను వెతికాను. సమాన దూరంలో ఉన్నవాటికి రెండు బొమ్మల్లోని బిందువుల మధ్య ఎడం ఒకటే ఉంటుంది. దీనికి కెమెరా వివరాలేవీ అక్కరలేదు. అలా దొరికిన జంట, నిటారుగా నిలబెట్టిన ఒక గుండు, దాని పక్కన చేతులు కట్టుకుని నిలబడిన సైనికుడు. గుండు అడుగు దగ్గర, సైనికుడి బూట్ల దగ్గర ఎడం పదో వంతు మిల్లీమీటరు లోపు తేడాతో సమానంగా వచ్చింది. మూతి పక్కన ఉన్నాడనుకున్న పాత సైనికుడిని కూడా ఇలాగే పరీక్షిస్తే, అతను మూతికి చాలా వెనుక ఉన్నట్లు తేలింది.

గొట్టాన్ని వదిలి గుండును ఎంచుకోవడానికి ఇంకో కారణం, గుండు వ్యాసం ఫిరంగి లోవ్యాసానికి దాదాపు సమానం కావడం. గోడ మందం గొడవ ఉండదు. టోపీని మినహాయించి సైనికుడి ఎత్తు కొలిస్తే అది గుండు వ్యాసానికి 7.1 రెట్లు వచ్చింది. సైనికుడి నిజమైన ఎత్తు తెలియదు కాబట్టి ప్రశ్నను తిరగేశాను: ఏ ఫిరంగి అయితే ఈ మనిషి ఎంత ఎత్తు ఉండాలి? బెర్తా అయితే గుండు 42 సెంటీమీటర్లు, మనిషి దాదాపు మూడు మీటర్లు ఉండాలి. 12 అంగుళాలది అయితే గుండు 30.5 సెంటీమీటర్లు, మనిషి 217 సెంటీమీటర్లు. బ్రిటిష్ వారి 8 అంగుళాల హొవిట్జర్ అయితే గుండు 20.3 సెంటీమీటర్లు, మనిషి 144 సెంటీమీటర్లే ఉండాలి. పైగా దానికి చక్రాలుంటాయి. 9.2 అంగుళాలది అయితే గుండు 23.4 సెంటీమీటర్లు, మనిషి 166 సెంటీమీటర్లు. కొలతలో అయిదు శాతం పొరపాటు ఉన్నా జవాబు మారదు. ఆ గుండు బరువు 290 పౌండ్లు, అంటే సుమారు 132 కిలోలు. మరో ఇద్దరు సైనికులు ఇంకో గుండును నేల మీద దొర్లిస్తూ కనబడటం కూడా దీనితో పొసుగుతుంది. 800 కిలోల గుండును ఇద్దరు అలా చేతులతో దొర్లించడం తేలిక కాదు.

అట్ట అంచున చిరగగా మిగిలిన ముక్కలో ‘బొంబాయి, మెల్బోర్న్, టొరంటో’ అన్న అక్షరాలున్నాయి. ప్రచురణకర్త లండన్ సంస్థ అని దాన్ని బట్టి తెలుస్తోంది. అయితే దీన్ని ముందే గమనించినా సాక్ష్యంగా వాడలేదు. బ్రిటిష్ సంస్థలు శత్రువుల నుంచి చేజిక్కించుకున్న ఫిరంగుల బొమ్మలు కూడా అమ్మేవి. ఫిరంగి ఏదో తేలిన తర్వాత మాత్రమే దాన్ని బలపరిచే సంగతిగా చేర్చాను.

పొగమబ్బు సంగతి

రెండో ప్రశ్న, ఇది నిజమైన యుద్ధరంగమేనా అన్నది, ఇంతకన్నా ఆసక్తికరంగా తేలింది. తారుమారైన కార్డులో పొగ చెట్ల వెనుక సహజంగా ఉందని రాశాను కదా. స్థానాలు సరిచేయగానే పొగ ఫిరంగికి ముందుకు దూకి, గాలిలో వేలాడసాగింది. కానీ గొట్టం దాన్ని కప్పుతూనే ఉంది. కర్ర విషయంలో పట్టిచ్చిన సూత్రమే ఇక్కడా వర్తిస్తుంది: కప్పబడినది ముందు ఉండదు. అంటే ఆ పొగ కెమెరా ముందు ఎన్నడూ లేదు. నెగటివ్ మీద చేత్తో దిద్దినప్పుడు రెండు బొమ్మల్లోనూ ఒకే ఆకారం వేయగలిగారు కానీ, లోతుకు తగినంత ఎడం ఎటు జరపాలో లెక్క తప్పారు. పెద్దదిగా చేసి చూస్తే పొగ అంచుల్లో కుంచె గీతలు కూడా కనబడ్డాయి. ఇంట్లో జరిగిన పొరపాటు ప్రచురణకర్త పొగ దిద్దిన సంగతిని అన్నేళ్లు కప్పిపుచ్చడం నాకు ఇప్పటికీ వింతగా ఉంటుంది.

పొగ దిద్దినది కాబట్టి బొమ్మంతా బూటకమని కళాశాల వారు వెంటనే అనుకున్నారు. దాన్ని నేను ఒప్పుకోలేదు. సైనికుల బట్టలు శుభ్రంగా ఉన్నాయి, ఎవరికీ తొందర లేదు, ఒకరిద్దరు కెమెరా వైపు చూస్తున్నారు. ఇవన్నీ నాటకానికి గుర్తులే అనిపిస్తాయి. కానీ 9.2 అంగుళాల హొవిట్జర్లలో మొదటి రకం ఫిరంగి గుండును సుమారు 9 కిలోమీటర్ల దూరం విసరగలదు; అలాంటి ఫిరంగులు ముందువరుస కందకాల్లో ఉండవు, కొన్ని కిలోమీటర్లు వెనుక ఉంటాయి. అక్కడ పనిలో ఉన్న దళం కూడా ఫొటోకు నిలబడగలదు. శత్రువు ఫిరంగులు వాళ్లనూ వెతికేవి, అందుకే వల. కాబట్టి ‘నిజమైన మోహరింపు, ఫొటో కోసం నిలబడిన దళం, తర్వాత చేర్చిన పొగ’ అని మూడు ముక్కలుగా విడదీసి రాశాను.

కార్డును ఏం చేశాం

బొమ్మలను ఊడదీసి సరైన స్థానాల్లో అతికించమని కళాశాల వారు కోరారు. మైదా జిగురు నీటికి కరుగుతుంది, పని అసాధ్యం కాదు. అయినా వద్దన్నాను. పగిలిన జెలటిన్ పొరను మళ్లీ తడిపితే ఉబ్బి, పగులు వెంబడి లేచిపోయే ప్రమాదం ఉంది. పైగా మరక, మైదా, తారుమారు అన్నీ ఈ కార్డు బతుకులో భాగాలు. సరిచేస్తే అవి చెరిగిపోతాయి. లేచిన మూలలను మాత్రం అతి తక్కువ జిగురుతో నిలబెట్టాను. అట్ట వంపును ఉన్నంతవరకు ఉంచి, ఆమ్లం లేని కాగితపు తొడుగులో పెట్టించాను. ప్రదర్శన కోసం సరిచేసిన జంటబొమ్మను అదే కొలతలో కొత్త అట్ట మీద ముద్రించాం. దాన్ని జనం స్టీరియోస్కోపులో పెట్టి చూశారు. అసలు కార్డు గాజు పెట్టెలో ఉంది.

ఇంటి పెద్దాయనకు చెప్పడం తక్కిన పనికన్నా కష్టమైంది. వారి తాతగారు దక్కన్ హార్స్ దళంతో ఫ్రాన్స్ వెళ్లారని, బెర్తాను కళ్లారా చూసి ఈ బొమ్మ తెచ్చారని ఆ ఇంట్లో చెప్పుకుంటారు. హైదరాబాద్ కంటింజెంట్ అనే సేన నుంచి ఏర్పడిన ఆ అశ్వికదళం ఫ్రాన్స్‌లో పనిచేసిన మాట వాస్తవం. 1916 జులై 14న సోమ్ యుద్ధంలో హై వుడ్ అనే అడవి దగ్గర, బ్రిటిష్ అశ్వికదళమైన 7వ డ్రాగూన్ గార్డ్స్‌తో కలిసి దాడి చేసింది. ‘మా తాతగారు అబద్ధం చెప్పారంటారా బాబూ?’ అని ఆయన అడిగారు. కార్డు చెప్పగలిగింది కార్డు గురించే కానీ తాతగారి గురించి కాదని చెప్పాను. సోమ్‌లో ఉన్న మనిషి 9.2 అంగుళాల ఫిరంగులను చూసి ఉండటం సహజమే. బెర్తా అన్న పేరు కార్డు వెనుక ఎవరు రాశారో చేతిరాతను బట్టి తేల్చలేం. ప్రచురణకర్త చిరునామాల్లో బొంబాయి ఉంది కాబట్టి కార్డు ఫ్రాన్స్ నుంచే రావాల్సిన పనీ లేదు. ఆయన కాసేపు ఊరుకుని, పెన్సిలు రాతను మాత్రం చెరపవద్దన్నారు. అది చెరిపే ఉద్దేశం నాకు ఎప్పుడూ లేదు.

పాఠాలు, పని తీరులో మార్పులు

ఈ కేసు తర్వాత నా పని క్రమం మారింది. స్టీరియో కార్డు చేతికి రాగానే, శీర్షిక చదవక ముందే, స్టీరియోస్కోపులో చూస్తున్నాను. ఒక్క సగాన్ని కత్తిరించి వాడటం మానేశాను. ప్రచారానికి ఒక్క బొమ్మే కావాలంటే చివర కత్తిరించి ఇస్తాను. ఏది దేన్ని కప్పుతోందో ముందు రాసుకుని, తర్వాత లోతు చూస్తాను, రెండూ పొసగకపోతే అక్కడే ఆగుతాను. కొలత నేను ఆశించిన జవాబుకు మరీ దగ్గరగా వస్తే దాన్ని ఇంకో వస్తువుతో మళ్లీ కొలవకుండా నివేదికలోకి ఎక్కించను. ముసాయిదాలో రాసిన ‘అవకాశం ఎక్కువ’ అన్న మాటను వెనక్కి తీసుకుంటూ కళాశాలకు వేరుగా ఉత్తరం రాశాను, ఎందుకంటే అప్పటికే దాన్ని ఒకరు ప్రసంగంలో వాడేశారు.

పెట్టెలోని తక్కిన 46 కార్డులనూ ఇదే క్రమంలో తిరిగి చూశాను. ఇంకో రెండు కార్డుల్లో బొమ్మలు తారుమారై ఉన్నాయి, రెండింటి మీదా అదే నీటి మరక. మరో అయిదింటిలో లోతే లేదు. ఒకే ఫొటోను రెండుసార్లు ముద్రించి పక్కపక్కన అతికించారు. మామూలు కెమెరాతో తీసినదాన్ని స్టీరియో పేరుతో అమ్మారన్నమాట. ఆ అయిదింటిలో మూడు ఫిరంగుల బొమ్మలే. వాటి పరిమాణం గురించి జాబితాలో ఏమీ రాయలేదు. శీర్షికలో అచ్చైన మాటను కొటేషన్ గుర్తుల మధ్య ఉన్నదున్నట్లు ఎక్కించి, ‘జంటబొమ్మ కాదు, కొలతకు వీలు లేదు’ అని పక్కన గుర్తు పెట్టాను.